ఆచారమనే సాకుతో ఆరు దశాబ్దాలు

బ్రిటిష్ పార్లమెంటు 1833లో బానిసత్వ రద్దు చట్టం చేసింది. ఆ తర్వాత తొమ్మిదేళ్లకు బ్రిటన్ వశమైన హాంకాంగ్‌లో మాత్రం ఆడపిల్లల్ని కొని ఇంటి చాకిరీకి పెట్టుకోవడం నిరాటంకంగా సాగింది. ఈ పిల్లల్ని అక్కడి చైనీయులు ముయ్ త్సాయ్ అనేవారు. పేద తల్లిదండ్రులు సొమ్ము పుచ్చుకుని, కాగితం రాసిచ్చి, కూతుర్ని కలవారింట వదిలేవారు. ఆమెకు జీతం ఉండదు. తిండీ బట్టా పెట్టి, ఈడొచ్చాక పెళ్లి చేయడం యజమాని బాధ్యత. ఆ మాట నిలబెట్టుకున్నవారూ ఉన్నారు, చావబాదినవారూ, వేశ్యాగృహాలకు అమ్మేసినవారూ ఉన్నారు.

ఇది బానిసత్వమేనని 1879లో ప్రధాన న్యాయమూర్తి జాన్ స్మేల్ న్యాయపీఠం నుంచే తేల్చి చెప్పారు. చైనా వర్తక ప్రముఖులు ఒప్పుకోలేదు. పేదలు ఆడశిశువులను చంపుకోకుండా ఈ పద్ధతే కాపాడుతోందని గవర్నర్ హెన్నెసీకి విన్నవించారు. చైనీయుల ఆచారాల జోలికి రాబోమని 1841లో బ్రిటిష్ వారు చేసిన ప్రకటన వారికి అక్కరకొచ్చింది. వర్తకుల సహకారం లేనిదే పాలన నడవదు కనుక ప్రభుత్వమూ మెత్తబడింది. బాలికల అపహరణను అరికట్టే పనిని ఆ వర్గమే నెలకొల్పిన పో లియుంగ్ కుక్ సంస్థ చేతిలో పెట్టింది.

నలభై ఏళ్ల తర్వాత నౌకాదళ అధికారి భార్య క్లారా హేసిల్‌వుడ్ పత్రికలకు లేఖలు రాసి ఈ విషయాన్ని మళ్లీ కదిలించారు. హాంకాంగ్ అధికారులకు అది మింగుడుపడలేదు. ఆ దంపతులు ఇంగ్లండుకు తిరిగి వెళ్లి అక్కడ పోరాడారు. పార్లమెంటులో ప్రశ్నలు ముసిరాక, ఏడాదిలో ఈ పద్ధతికి స్వస్తి పలకాలని 1922లో వలసల మంత్రి చర్చిల్ ఆదేశించారు. మరుసటి ఏడాది వచ్చిన చట్టం కొత్తగా ముయ్ త్సాయ్‌లను పెట్టుకోవడాన్ని నిషేధించింది. కానీ ఉన్నవారి పేర్లు నమోదు చేయాలన్న భాగాన్ని అమలు చేయకుండా పక్కన పెట్టారు. పాత పిల్లలెవరో లెక్క లేనప్పుడు, కొత్తగా కొన్నదెవరినో పట్టుకునేదెలా?

1929లో లేబర్ ప్రభుత్వ మంత్రి పాస్‌ఫీల్డ్ పట్టుబట్టాకే రిజిస్టరు తెరిచారు. కొద్ది నెలల్లోనే నాలుగు వేలకు పైగా పేర్లు ఎక్కాయి. అప్పుడు మరో దారి కనిపించింది: కొన్న పిల్లను పెంపుడు కూతురంటే సరి, ఇన్‌స్పెక్టరు చేతులు కట్టేసినట్టే. 1937లో విచారణ సంఘం సభ్యురాలు ఈడిత్ పిక్టన్ టర్బర్‌విల్ ఈ కిటుకును పసిగట్టి, ఇతర సభ్యులతో విభేదించి విడిగా నివేదిక ఇచ్చారు. ఏ పేరుతోనైనా సరే, చేతులు మారిన ప్రతి బాలికనూ నమోదు చేయాలన్నారు. హాంకాంగ్ ప్రభుత్వం 1938లో ఆ దారికి వచ్చింది.

స్మేల్ తీర్పు నుంచి ఇక్కడిదాకా రావడానికి 59 ఏళ్లు పట్టింది. ఆచారమేదో తేల్చడానికి కొనుక్కున్నవారి మాటే చెల్లింది, అమ్ముడుపోయిన పిల్లల్ని అడిగిన నాథుడు లేడు. పరాయి సంస్కృతిపై గౌరవమని పాలకులు చెప్పుకున్నది నిజానికి పలుకుబడి గలవారితో కుదుర్చుకున్న రాజీ.