ఎక్కుడులో వచ్చే జ్వరం

కాలిఫోర్నియాలో ఐ-5 రహదారి శాన్ వాకీన్ లోయను వదిలి లాస్ ఏంజెలిస్ వైపు కొండెక్కే చోటును గ్రేప్‌వైన్ అంటారు. 6 శాతం ఏటవాలు. ఇంజన్ వేడెక్కకుండా ఏసీ ఆపమని రోడ్డు పక్కన బోర్డులే పెట్టారు. వేసవి మధ్యాహ్నం అక్కడ వెనక తలుపు తెరుచుకుని ఆగిపోయిన డీజిల్ మోటార్‌హోమ్ కనిపిస్తే ఎవరూ ఆశ్చర్యపోరు. సెలవుల్లో తెలుగు కుటుంబాలు అద్దెకు తీసుకునేవి ఎక్కువగా చిన్న పెట్రోలు బండ్లు. ఇది వేరే జాతి: పన్నెండు మీటర్ల పొడవు, పదిహేను టన్నుల దాకా బరువు, వెనక కొసన ఇంజన్.

మైదానంలో బుద్ధిగా నడిచిన బండి కొండ మీద మరిగిపోతే యజమాని చేసే మొదటి పని థర్మోస్టాట్ మార్పించడం. తర్వాత నీళ్ల పంపు, ఆపైన రేడియేటర్ మూత. బిల్లు పెరుగుతుంది, వేడి తగ్గదు. అనుమానించాల్సింది ముందుగా గాలిని.

కారు రేడియేటర్‌కు ఎదురుగాలి ఉచితంగా దొరుకుతుంది. ఈ బండ్లలో చాలావాటికి రేడియేటర్ వెనక గోడకు ఉంటుంది కాబట్టి ఆ భాగ్యం లేదు. ఇంజన్ వైపు నుంచి ఫ్యాన్ నెట్టే గాలే దిక్కు. చక్రాలు లేపిన దుమ్ము, గడ్డిపరకలు ఆ గాలితోనే వచ్చి పడతాయి. క్రాంక్‌కేస్ ఆవిరి బయటికి పోయే గొట్టం నుంచి నూనె తుంపర వచ్చి వాటిని జిగురులా అతికిస్తుంది. టర్బో గాలిని చల్లబరిచే కూలర్ కూడా రేడియేటర్‌కు ఆనుకునే ఉంటుంది. ఆ రెంటి సందులో చేరిన చెత్త కంటికే ఆనదు. వెనక తలుపు తీసి చూసినవారికి రేకులన్నీ శుభ్రంగా కనిపిస్తాయి. మురికి పట్టింది అవతలి ముఖానికి. పడకగదిలో మంచం కింది పలక ఎత్తి, టార్చి వేసి చూస్తేగానీ సంగతి తెలియదు.

ఎప్పుడు వేడెక్కుతోందన్నది మరో ఆధారం. నిలబడి ఉన్నప్పుడే వేడెక్కితే ఫ్యాన్‌నో, దాన్ని తిప్పే హైడ్రాలిక్ పంపునో చూడాలి. ఎక్కుడులో మాత్రమే అయితే రేడియేటర్ చాలడం లేదన్నమాట. డాష్‌బోర్డు ముల్లును కూడా గుడ్డిగా నమ్మనక్కర్లేదు. దూరం నుంచే వేడి కొలిచే ఇన్‌ఫ్రారెడ్ తుపాకీతో రేడియేటర్ ముఖమంతా చూస్తే, నడిమధ్య చల్లటి మచ్చలు తగిలిన చోట లోపలి గొట్టాలు పూడుకుపోయాయని అర్థం. అప్పుడు బయట ఎంత కడిగినా లాభం లేదు.

కొండెక్కేటప్పుడు పెద్ద గేర్‌లోనే ఈడ్పించడం ఇంకో పొరపాటు. నీళ్ల పంపు ఇంజన్ వేగంతో తిరుగుతుంది, చాలా బండ్లలో ఫ్యానూ అంతే. ఇంజన్ మూలుగుతూ నెమ్మదిస్తే అవీ నెమ్మదిస్తాయి. గేర్ తగ్గించి, ఇంజన్‌ను చురుగ్గా తిరగనిచ్చి, బండిని నిదానంగా పోనివ్వాలి. శ్రీశైలం ఘాట్ ఎక్కే లారీ డ్రైవర్‌కు ఈ మాట కొత్తగా చెప్పనక్కర్లేదు. అయినా ముల్లు ఆగకపోతే పక్కకు తీసి, న్యూట్రల్‌లో కాసేపు ఇంజన్‌ను కాస్త వేగంగా తిరగనివ్వడం మేలు. కూలెంట్ కారిపోతుంటే మాత్రం తక్షణం ఆపేయాల్సిందే. మూత జోలికి పోకూడదు. 15 పౌండ్ల పీడనంలో నీరు 120 డిగ్రీల దాకా మరగకుండా ఉంటుంది. మూత తిప్పగానే ఒక్కసారిగా ఆవిరై మొహాన కొడుతుంది.

ఎక్కడా కారకుండానే కూలెంట్ తరుగుతుంటే, ట్యాంకులో బుడగలు ఆగకుండా వస్తుంటే హెడ్ గ్యాస్కెట్ దెబ్బతిని ఉండవచ్చు. అది కడుగుడుతో పోయే రోగం కాదు, బండిని కదపకుండా మెకానిక్‌ను పిలవాలి.

కేవలం మురికే అయితే ఒక మధ్యాహ్నం పని. ఇంజన్ పూర్తిగా చల్లారాక, అల్యూమినియాన్ని తినని క్లీనర్ పట్టించి నాననివ్వాలి. తర్వాత మామూలు గొట్టంతో రెండు వైపుల నుంచీ కడగాలి. ప్రెషర్ వాషర్ వద్దు, రేకులు వంగి ఉన్న దారీ మూసుకుపోతుంది. మొదట నల్లటి బురద దిగుతుంది. అవతల పడే నీరు తేటబడేదాకా కడుగుతూనే ఉండాలి.