కొనుక్కోవచ్చు, మాట్లాడొద్దట!

భద్రతనూ ఆన్‌లైన్ వ్యాపారాన్నీ సమంగ తూకమేస్తున్నమని ఏలినోళ్లు చెప్తరు. ఆ తక్కెడను కాశ్మీర్‌ల చూసినం. 2015ల 'డిజిటల్ ఇండియా' అని డప్పు కొట్టిన కేంద్రమే 2019 ఆగస్టుల అక్కడ ఇంటర్నెట్ బంద్ పెట్టింది. దరఖాస్తులు నింపేందుకు విద్యార్థులు లోయ దాటి, నెట్ ఉన్న బనిహాల్‌కు రైలెక్కిన్రు.

నిరవధికంగ ఆపుడు చెల్లదని 2020 జనవరి 10న సుప్రీంకోర్టు చెప్పినంక సర్కారు విదిల్చిందేంది? 2జీ, తాను మెచ్చిన 301 వెబ్‌సైట్లు! అందుల బ్యాంకులున్నయి, అమెజాన్ ఉన్నది, నెట్‌ఫ్లిక్స్ సుత ఉన్నది. (2జీల సినిమా ఎట్ల నడుస్తదో వాళ్లకే ఎరుక.) ఫేస్‌బుక్, వాట్సాప్ మాత్రం లేవు. పైసలు పోయే తొవ్వ తెరిచి, మాట పోయే తొవ్వ మూసిన్రు. దీన్ని తూకమంటే మేం ఒప్పుకోం.

కాశ్మీరంతటా 4జీ తిరిగొచ్చింది 2021 ఫిబ్రవరిల. అప్పటిదాంక చెడిన చదువులకు, పోయిన కొలువులకు జవాబెవరు?