బండి చెడితే ఆడదాని తప్పేనా?

అప్పు చేసి కొత్త స్కూటర్ కొన్నాను. ఊరూరా తిరిగి సంఘం మీటింగులు పెట్టే నాకు అది సోకు కాదు, కాళ్ళు. రెండో వారం నుంచే నడిరోడ్డు మీద ఇంజన్ ఆగిపోవడం మొదలైంది. నాలుగుసార్లు షోరూముకి తీసుకెళ్ళాను. "మీకు నడపడం రాదు మేడమ్, మీ సార్‌ని పంపండి" అన్నారు. వాయిదాలు మాత్రం నా జీతంలోంచే పోతున్నాయి. వాటికి సార్ అక్కర్లేదు!

అమెరికాలో కనెక్టికట్ రాష్ట్రం 1982లోనే 'లెమన్ చట్టం' చేసింది. కొత్త బండిలో ఒకే లోపం నాలుగుసార్లు రిపేరు చేసినా పోకపోతే బండి మార్చాలి, లేదా డబ్బు వాపసివ్వాలి. మనకి అలాంటి ప్రత్యేక చట్టం లేదు. ఉన్నది 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం. రెండేళ్ళలోపు మనం ఉండే జిల్లా కమిషన్‌లోనే కేసు వేయొచ్చు. బండి ఖరీదు 5 లక్షలు దాటకపోతే ఫీజు లేదు. లాయరు లేకుండా మనమే వాదించుకోవచ్చు.

కానీ లోపం తయారీలోనే ఉందని నిరూపించాల్సింది మనమే. 2006లో ఒక కారు కేసులో సుప్రీంకోర్టు, చెడిన భాగం మారిస్తే చాలు, కారు మొత్తం మార్చనక్కర్లేదంది. నిపుణుల నివేదికలు మనమెక్కణ్ణించి తెస్తాం?

అయినా కేసు వేశాను. నా బలమల్లా షోరూమువాళ్ళు రాసిచ్చిన నాలుగు సర్వీసు కాగితాలే. అందుకే అక్కల్లారా, వెళ్ళిన ప్రతిసారీ ఫిర్యాదు రాయించి కాగితం తీసుకోండి. నోటిమాట నమ్మకండి. నాలుగుసార్లు ఆగిన బండి మంచిదేనని కంపెనీయే నిరూపించుకోవాలి. చట్టాన్ని అలా మార్చమని గట్టిగా అడుగుదాం.