రాజమండ్రి స్టేషనులో ఒక రాత్రి



మన మండపేటకు రైలు లేదు. రైలెక్కాలంటే ద్వారపూడి పోవాలి. దూరపు బండి అయితే రాజమండ్రి పోవాలి. 2015లో ఆ ఊరికి రాజమహేంద్రవరమనే పాత పేరు తిరిగి పెట్టినా మన నోట రాజమండ్రి అనే వస్తుంది. కొడుకు హైదరాబాదులో పనికి వెళ్ళినా, ఆడపడుచు కువైటు వెళ్ళినా, వేలూరు ఆసుపత్రికి పోవలసి వచ్చినా ఆ స్టేషను మెట్లు ఎక్కి దిగవలసిందే. నేనూ ఇరవై ఏళ్ళుగా ఎక్కి దిగుతున్నాను. అయితే ఆ స్టేషనును కళ్ళు తెరచి చూసింది మాత్రం 2022 జూన్‌లో, ఒకే ఒక్క రాత్రి.

ఈ సంగతి రాయడానికి ఇన్నాళ్ళూ వెనుకాడాను. తప్పు నాది కనుక. ఆ అబ్బాయిని అడిగి, సరేనన్నాకే రాస్తున్నాను. పేరు మాత్రం రాయను.

ఆ ఏటి పదవ తరగతి ఫలితాలు చాలామందికి జ్ఞాపకం ఉండే ఉంటాయి. కరోనా మూలంగా 2020లోను, 2021లోను పరీక్షలే జరగలేదు. బడి సరిగా నడవని పిల్లలు 2022లో ఒక్కసారిగా పరీక్ష హాలులో కూర్చున్నారు. జూన్ 6న ఫలితాలొచ్చాయి. రాసినవారు 6 లక్షల 15 వేల పైచిలుకు. పాసైనవారు 4 లక్షల 14 వేలు. అంటే రెండు లక్షల ఇళ్ళల్లో ఆ పూట పొయ్యి సరిగా వెలిగి ఉండదు. మా సంఘంలో ఏడుగురు రాస్తే ఆరుగురు పాసయ్యారు.

తరువాతి ఆదివారం ఆరాధన ముగిశాక ఆ ఆరుగురినీ ముందుకు పిలిచి తలా ఒక పెన్ను ఇచ్చి, ఫోటో తీయించాను. అంతటితో ఊరుకుంటే బాగుండేది. "ఏడవవాని కోసం కూడా మనం ప్రార్థన చేయాలి" అని పేరు పెట్టి పిలిచాను. ప్రేమతోనే అంటున్నాననుకున్నాను. సంఘమంతా వెనక్కి తిరిగి చూసింది.

సోమవారం తెల్లవారేసరికి పిల్లవాడు ఇంట్లో లేడు. వాళ్ళ నాన్న రైసుమిల్లు జట్టులో బస్తాలు మోస్తాడు. మధ్యాహ్నం దాకా చుట్టాల ఇళ్ళు వెదికి, చివరకు ద్వారపూడి స్టేషను గోడకు చేరేసి ఉన్న సైకిలు చూశాడు. రాజమండ్రి వైపు పోయే బండి ఎక్కాడని అక్కడ టీ అమ్మే ఆయన చెప్పాడు. నన్ను చూసి ఆ తండ్రి ఒక్క నిష్ఠూరపు మాట అనలేదు. "వాడు మీ మాటైతే వింటాడండి అయ్యగారూ, మీరు కూడా రండి" అన్నాడు. నా బండి మీదే ఇద్దరం బయలుదేరాం.

దారి తెలిసినవాడికి స్టేషను ఒక గుమ్మం లాంటిది, దాటి పోతాడు. మనిషిని వెదికేవాడికి అదొక ఊరు. టిక్కెట్ల వరుస, వెయిటింగు హాలు, ప్లాట్‌ఫారాల మీద వంతెన, పార్సిలు మూటల వెనుక సందులు, బయట ఆటోలు, ఇడ్లీ బళ్ళు, లాడ్జీలు. ఎక్కడ చూసినా పదిహేనేళ్ళ పిల్లలే కనబడ్డారు. నీలం చొక్కా కనబడితే చాలు, తండ్రి పరుగెత్తేవాడు.

రైల్వే పోలీసులు ఫోటో ఇమ్మన్నారు. నా ఫోనులో ఆదివారం నాటి ఫోటో ఉంది. అందులో ఉన్నది ఆరుగురే. వెనుక బెంచీ మీద ఒక మోచెయ్యి మాత్రం పడింది. అది వాడిదేనని తండ్రి గుర్తుపట్టాడు. ఆఖరికి ఆధారు కార్డు మీది ఫోటో ఇచ్చాము. అందులో వాడికి ఏడేళ్ళు.

1098కి ఫోను చేయమని అక్కడివారే చెప్పారు. పిల్లలకు ఏ ఆపద వచ్చినా ఆ నంబరుకు పైసా ఖర్చు లేకుండా చేయవచ్చు. రైలులోగాని స్టేషనులోగాని అయితే 139. ఈ రెండూ ఇంట్లో గోడ మీద రాసిపెట్టుకోండి. అవతల మాట్లాడిన అమ్మాయి గుర్తులు అడిగింది. పుట్టుమచ్చ, చెప్పులు, ఎవరి మీద కోపంతో వెళ్ళాడు. ఆ చివరి ప్రశ్నకు తండ్రి నావైపు చూడకుండా "కోపమేం లేదమ్మా" అన్నాడు.

రాత్రి పదింటికి, గోదావరి స్టేషను కూడా చూద్దామన్నాడు. అది రాజమండ్రి స్టేషనుకు కాస్త దూరంలో, వంతెన మొదట్లో ఉంటుంది. అక్కడా లేడు. ఏదో ఒకటి మాట్లాడాలి కనుక నేను వంతెనల సంగతి ఎత్తుకున్నాను. 1900లో హేవలాక్ వంతెన తెరిచేవరకు ఏరు దాటాలంటే పడవే గతి అని, ఆ వంతెనను 1997లో ఆపేశారని, 1974 నాటి దాని మీద కింద రైలూ పైన బస్సులూ పోతాయని చెప్పుకుపోతున్నాను. అతడు వినడం లేదు. పుష్కరఘాట్ వైపు నడిచి, మెట్ల మీద నిలబడి నీళ్ళవంక చూస్తున్నాడు. అతడు రైళ్ళ కోసం అక్కడికి రాలేదని అప్పుడు అర్థమైంది నాకు. నోట మాట రాలేదు. నేను పాస్టరునని ఆ మెట్ల మీద నాకు గుర్తు కూడా లేదు.

తిరిగి రాజమండ్రి స్టేషనుకొచ్చి తెల్లవార్లూ కూర్చున్నాం. పన్నెండేళ్ళ యేసు కనబడక మరియ యోసేపులు మూడు దినాలు వెదికిన సంగతి ఎన్నిసార్లు ప్రసంగించానో! కొడుకు తమ గుంపులోనే ఉన్నాడనుకుని వాళ్ళు ఒక దినపు ప్రయాణం నడిచిపోయారు. మాదీ ఆదివారమంతా అలాగే గడిచింది. వాడు వెనుక బెంచీలోనే ఉన్నాడనుకున్నాం. మా పక్కన ఒక తల్లి ప్లాస్టిక్ తాడుతో బిగించిన పెట్టె మీద తల పెట్టి పడుకుంది, గల్ఫుకు వెళుతోంది. తెల్లారి నాలుగింటికి ఇద్దరు చిన్న కుర్రాళ్ళు ఖాళీ సీసాలు ఏరుకుంటూ వచ్చారు. అంతకు ముందు ఎన్నిసార్లు వాళ్ళను దాటుకుని నడిచానో! ఆ రాత్రి మాత్రం వాళ్ళకూ ఎవరో ఒక తండ్రి ఉండే ఉంటాడని తోచింది.

రైల్వే రక్షక దళం వారు ఇలాంటి పిల్లల కోసం 2018 నుండి ఒక ప్రత్యేక కార్యక్రమం నడుపుతున్నారు. 2024 మే వరకు రైళ్ళలోను స్టేషన్లలోను 84,119 మందిని కాపాడినట్లు ప్రభుత్వం ప్రకటించింది. ఇందులో ఇంటి నుండి పారిపోయినవారు ఎక్కువ. పని ఇప్పిస్తాం, అన్నం పెడతాం అని ముందుగా పలకరించేవాళ్ళు స్టేషన్లలో కాచుకునే ఉంటారు. వాళ్ళకంటే ముందు మన చెయ్యి పడాలి. ఒంటరి పిల్లవాడు కనబడితే 24 గంటల్లోగా తెలియజేయడం 2015 బాలల న్యాయ చట్టం ప్రకారం మన బాధ్యత కూడా.

మంగళవారం ఉదయం విజయవాడ నుండి ఫోను వచ్చింది. అక్కడి ప్లాట్‌ఫారం మీద నిద్రపోతూ దొరికాడు. నాలుగు దిక్కుల నుండి బళ్ళు వచ్చి కలిసే స్టేషను అది. ఇంకో బండి ఎక్కి ఉంటే ఏ దేశంలో తేలేవాడో.

వెళ్ళగానే చేతికివ్వరు, గుర్తుంచుకోండి. బాలల సంక్షేమ సమితి ముందు హాజరుపరచి, విచారించి అప్పగిస్తారు. తండ్రి మొదట కంగారుపడ్డాడు, పోలీసు కేసేమోనని. కేసు కాదు. ఆధారు, బడి కాగితాలు పట్టుకెళితే చాలు. వాళ్ళు వాడిని ఒక్కడినే కూర్చోబెట్టి, ఇంటికి వెళ్ళడం ఇష్టమేనా అని అడిగారు. అది నాకు నచ్చింది. మనం ఆ మాట ఎప్పుడు అడిగాం గనుక.

బయటికి వచ్చాక తండ్రి అడిగింది ఒక్కటే, "ఏమన్నా తిన్నావా?" అని. నేను క్షమించమని అడిగాను. వాడు నేల చూస్తూ, "పెన్ను కోసం కాదండి, అందరూ చూశారని" అన్నాడు.

జూలైలో సప్లిమెంటరీ రాసి పాసయ్యాడు. ఐ.టి.ఐ. చదివాడు, హైదరాబాదులో పని దొరికింది. మొదటిసారి ప్రయాణమైనప్పుడు తండ్రీ నేనూ రాజమండ్రి స్టేషనుదాకా వెళ్ళాం. బండి ఆలస్యం. "మీరింక వెళ్ళండి అయ్యగారూ, ఆఖరి బస్సు పోతుంది" అన్నాడు వాడు. తండ్రి కదల్లేదు. బండి కదిలాక వెనుక ఎర్రదీపం కనబడినంతసేపూ నిలబడ్డాడు. ఆఖరి బస్సు పోయింది. ఇద్దరం ఆటోలో ద్వారపూడిదాకా వచ్చి, అక్కడి నుండి ఇంకో ఆటో పట్టుకున్నాం.