గర్భిణులకు నీటితిత్తి గండం
గొర్రెల మంద, దానికి కాపలాగా కుక్క.. రాయలసీమ పల్లెల్లో నిత్యం కనిపించే దృశ్యమిది. ఈ రెండింటి నడుమ బతికే ఒక పరాన్నజీవి మనిషికీ సోకి హైడాటిడ్ వ్యాధికి కారణమవుతోంది. దేశంలో ఈ వ్యాధి అధికంగా కనిపించే రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తమిళనాడు ముందు వరుసలో ఉన్నాయి. గర్భిణుల్లో ఇది అరుదు. 20 వేల నుంచి 30 వేల గర్భాలకు ఒకటి చొప్పున ఉండవచ్చని వైద్యుల అంచనా. అయితే వచ్చినప్పుడు మాత్రం తల్లికీ, బిడ్డకూ ప్రాణసంకటమే.

సోకేది ఇలా..
కుక్క పేగుల్లో నివసించే చిన్న బద్దెపురుగు గుడ్లు మలంతో బయటపడి మట్టి, నీరు, కడగని ఆకుకూరల ద్వారా మనిషి కడుపులోకి చేరతాయి. మాంసం తిన్నంత మాత్రాన ఈ వ్యాధి రాదు. కాలేయంలోనో, ఊపిరితిత్తుల్లోనో నీటితో నిండిన తిత్తి ఏర్పడి ఏళ్ల తరబడి చడీచప్పుడు లేకుండా పెరుగుతుంది. గర్భధారణ సమయంలో రోగనిరోధక శక్తిలో వచ్చే మార్పుల వల్ల ఈ పెరుగుదల వేగం పుంజుకోవచ్చు. పురిటినొప్పుల వేళ తిత్తి పగిలితే అందులోని ద్రవం వల్ల తీవ్రమైన అలర్జీ తలెత్తి తల్లి ప్రాణానికే ముప్పు వాటిల్లుతుంది. పొత్తికడుపు దిగువన ఉంటే కాన్పుకే అడ్డు పడుతుంది.

చికిత్సలో చిక్కు
ఈ వ్యాధికి ప్రధాన ఔషధమైన ఆల్బెండజోల్‌ను తొలి మూడు నెలల్లో ఇవ్వరు. ఆ తర్వాత కూడా లాభనష్టాలు బేరీజు వేసుకునే వాడాలి. శస్త్రచికిత్స తప్పనిసరైతే నాలుగు నుంచి ఆరో నెల వరకు అనువైన కాలం. తిత్తి చిన్నదై, ఇబ్బంది పెట్టకుంటే స్కానింగుతో గమనిస్తూ కాన్పు వరకు వేచి చూడవచ్చు. 2018లో మొదలైన రక్తహీనత నివారణ కార్యక్రమం కింద నాలుగో నెల నుంచి గర్భిణులకు ఇచ్చే ఒక్క నులిపురుగుల మాత్ర ఈ తిత్తిని నయం చేయదు. మాత్ర వేసుకున్నాం కదా అన్న భరోసా పనికిరాదు.

ముందుచూపే మందు
2019 పశుగణన ప్రకారం గొర్రెల సంఖ్యలో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లే దేశంలో తొలి రెండు స్థానాల్లో ఉన్నాయి. కోసిన గొర్రెల కాలేయం, ఊపిరితిత్తుల వ్యర్థాలను కుక్కలకు వేయకుండా పాతిపెట్టడం, కుక్కలకు ఏడాదికి కనీసం నాలుగుసార్లు ప్రాజిక్వాంటెల్ ఇవ్వడం నివారణకు కీలకం. కుక్కల బాధ్యత ఒక శాఖది, గర్భిణుల బాధ్యత మరో శాఖది కావడంతో రెండూ కలిసి నడిస్తేనే ఫలితం. గొర్రెల కాపరుల కుటుంబాల్లోని గర్భిణులకు తొలి స్కానింగులోనే కాలేయాన్నీ ఒకసారి పరిశీలిస్తే పెద్దగా ఖర్చు ఉండదు. కాన్పు గదిలో తొలిసారి బయటపడే ప్రమాదం మాత్రం తప్పుతుంది.