ఉడుత మీద నేరం మోపితే సరా?

2022 జూన్ 30 పొద్దున తాడిమర్రి మండలం చిల్లకొండయ్యపల్లి దగ్గర, కూలికి ఆటోలో పోతున్న ఆడవాళ్ల మీద హైటెన్షన్ తీగ తెగిపడింది. అయిదుగురు కాలిపోయారు. తీగ మీద ఉడుత ఎక్కటం వల్లనే ఇలా జరిగిందని అధికారులు సెలవిచ్చారు! అదే నవంబరులో బొమ్మనహాళ్ మండలం దర్గాహొన్నూరులో ట్రాక్టరు మీద తీగ తెగిపడి మరి నలుగురు కూలీలు చనిపోయారు.

ఇప్పుడు లైన్లు తనిఖీ చేయటానికి తమంత తామే ఎగిరే డ్రోన్లు వచ్చాయి. జాయింటు వదులైతే అక్కడ తీగ వేడెక్కుతుంది. మన కంటికి ఆనని ఆ వేడిని డ్రోను థర్మల్ కెమెరా పట్టేస్తుంది. పగిలిన పింగాణీని ఫోటో తీస్తుంది. మంచిదే, యంత్రం మీద మాకు పగ లేదు.

అయితే అది ఎవరి లైను మీద ఎగురుతుందన్నదే మా ప్రశ్న. పవర్‌గ్రిడ్ పెద్ద టవర్ల మీద డ్రోన్లు తిప్పుతోంది. అక్కడ లైను ఆగితే నష్టం కోట్లలో ఉంటుంది. చేలో 11 కె.వి. తీగ తెగితే పోయేది కూలి మనిషి. ఆ తీగ నేలకు కనీసం 4.6 మీటర్ల ఎత్తున ఉండాలని 2010 నిబంధనల్లోనే రాశారు. వేలాడే తీగను కనిపెట్టటానికి డ్రోనెందుకు, గడ్డిమోపు నెత్తినెత్తుకున్న అమ్మనడిగితే చెబుతుంది. చెప్పినా వచ్చి బిగించే మనిషేడీ? డ్రోను చూస్తుంది గానీ తీగ బిగించదు గదా.

కాబట్టి కూలీలు నడిచే డొంకల మీది లైన్లు ముందు చూడాలి. తీసిన ఫోటోలు పంచాయతీ ఆఫీసు గోడకు అంటించాలి. బిగించటానికి పర్మనెంటు లైన్‌మన్లను వేయాలి. నాట్లు మొదలుకాక మునుపే ఇదంతా జరగాలి.