పాతికేళ్ళదాకా ఎందుకు ఆగాలి?

మన ఇంజనీరింగ్ కాలేజీల్లో పూర్వవిద్యార్థుల కలయిక అంటే దాదాపు అన్నిచోట్లా ఒకటే స్క్రిప్టు. బ్యాచ్ బయటికొచ్చి పాతికేళ్ళయ్యాక ఎవరో ఒకరికి ఊపొస్తుంది. వాట్సాప్ గ్రూపు పెడతారు. టీషర్టు ఏ రంగులో ఉండాలన్న దానిమీద రెణ్ణెల్లు చర్చ నడుస్తుంది. అమెరికా వాళ్ళకి డిసెంబరులో సెలవులు కాబట్టి ముహూర్తం కూడా అప్పుడే. పొద్దున పాత మాస్టార్లకి శాలువాలు, మధ్యాహ్నం క్లాసురూముల్లో ఫోటోలు, సాయంత్రం రిసార్టు. ఇప్పుడు అక్కడ చదువుకుంటున్న పిల్లలు కూడా ఉంటారండోయ్. గేటు దగ్గర పూలిచ్చేదీ, బల్ల దగ్గర కూర్చుని బ్యాడ్జీలు పంచేదీ, స్టేజి మీద ప్రార్థన పాడేదీ వాళ్ళే.

ఈ వేడుక మీద నాకేం కోపం లేదు. పాతికేళ్ళ తరవాత పక్క బెంచీ వాడు కనిపిస్తే ఎవరికైనా సంతోషమే. నా గొడవల్లా ఒక్కటే. కాలేజీకీ పాతవాళ్ళకీ ఉండే బంధం అంటే ఇదే అనుకోవడం, ఇది కాస్తా అయిపోయాక బాధ్యత తీరిందనుకోవడం. నన్నడిగితే, చదువుకునే పిల్లలకి ఎక్కువ పనికొచ్చే సీనియర్లు పాతికేళ్ళ కిందట వెళ్ళినవాళ్ళు కాదు. మొన్న మొన్న, అంటే రెండు నుంచి ఐదేళ్ళ కిందట బయటికెళ్ళినవాళ్ళు. సరిగ్గా వాళ్ళే ఎక్కడా కనపడరు.

పూర్వవిద్యార్థులు అనగానే మనకి పేపర్లో వచ్చే పెద్ద అంకెలు గుర్తొస్తాయి. 2023లో నందన్ నీలేకని గారు ఐఐటీ బాంబేకి 315 కోట్లు ఇస్తున్నానని ప్రకటించారు. 2024 ఆగస్టులో మన బాపట్లలో పుట్టిన కృష్ణా చివుకుల గారు, తను ఎంటెక్ చేసిన ఐఐటీ మద్రాసుకి 228 కోట్లు ఇచ్చారు. గొప్ప విషయమే, చేతులెత్తి దణ్ణం పెట్టాల్సిందే. కానీ ఇవి చూసి మన మామూలు కాలేజీలు కూడా "మనకీ ఒక పెద్దాయన దొరక్కపోతాడా, ఒక బ్లాకు కట్టించకపోతాడా" అని ఎదురుచూస్తూ కూర్చుంటే లాభం లేదు.

ఎందుకంటే ఆ బంధాలు వేరే నేలలో పెరిగాయి. కాకినాడ ఇంజనీరింగ్ కాలేజీ 1946 నాటిది. వరంగల్ ఆర్ఈసీ 1959లో మొదలై 2002లో ఎన్ఐటీ అయింది. ఇలాంటి చోట్ల హాస్టలు జీవితమే జీవితం. ఒకే మెస్సు, ఒకే కారిడారు, పరీక్ష ముందు రోజు రాత్రి పక్క గదిలో సీనియర్ చెప్పిన పాఠం. అక్కడ సీనియర్ అంటే ఒక మనిషి. మొహం గుర్తుంటుంది, ముద్దుపేరు కూడా గుర్తుంటుంది.

మరి హైవే పక్కన పొలాల మధ్య లేచిన మనలాంటి కాలేజీల సంగతి? మా కాలేజీ పేరు చెబితే పక్క జిల్లాలో కూడా తెలీదు. సగానికి పైగా పిల్లలు ఇంటి నుంచి వచ్చిపోయేవాళ్ళే. సాయంత్రం బెల్లు కొట్టగానే బస్సులు బయల్దేరతాయి. బస్సు తప్పితే ఇంకో దారి లేదు. ఇక సీనియర్లతో కూర్చుని మాట్లాడేది ఎప్పుడు? దీనికి తోడు ర్యాగింగ్ గోల. 1997లో మన రాష్ట్రం చట్టం తెచ్చింది, 2009లో యూజీసీ గట్టి నిబంధనలు పెట్టింది. అవి ఉండి తీరాలి, అందులో రెండో మాట లేదు. కానీ చాలా కాలేజీలు దాన్ని ఎలా అమలు చేశాయి? ఫస్టియర్‌కి వేరే బ్లాకు, వేరే లంచ్ టైము. సీనియర్లతో మాట్లాడితే ఐడీ కార్డు లాక్కోవడం. వేధింపు ఆపాలంటే మాటలే ఆపేయాలనుకున్నారు. నాలుగేళ్ళు ఒకే ఆవరణలో ఉండి కూడా ఒకళ్ళకొకళ్ళు తెలియకుండా బయటికొస్తాం. తెలియనివాళ్ళ కోసం ఎవరు తిరిగొస్తారు చెప్పండి?

ఇప్పుడు అసలు విషయానికొద్దాం. కొత్తగా వెళ్ళిన సీనియర్లే ఎందుకు?

ఎందుకంటే పిల్లలకి కావాల్సిన సమాచారం పాలప్యాకెట్ లాంటిది, తొందరగా పాడైపోతుంది. 2001లో పాసైన ఆయన గొప్ప హోదాలో ఉండొచ్చు. కానీ ఇప్పుడు ఆన్‌లైన్ టెస్టులో కెమెరా ఎలా కాపలా కాస్తుందో, మొదటి రౌండులో ఎవరిని ఎందుకు తీసేస్తారో, ఆఫర్ లెటరిచ్చి జాయినింగ్ ఎనిమిది నెలలు వాయిదా వేస్తే ఈలోపు ఏం చెయ్యాలో ఆయనకి అనుభవం ఉండదు. 2022లో చేతికి ఆఫరొచ్చి 2023 దాకా మెయిల్ కోసం ఎదురుచూసిన అమ్మాయికి తెలుస్తుంది. సర్వీస్ బాండ్ మీద సంతకం పెట్టేముందు ఏం చదవాలో, మొన్నే పెట్టినవాడికి తెలుస్తుంది.

మా కాలేజీ వాళ్ళం నలుగురం, వేర్వేరు బ్యాచులవాళ్ళం, రెండేళ్ళుగా నెలకి రెండు శనివారాలు రాత్రి ఒక గంట జూనియర్లతో కాల్‌లో కూర్చుంటున్నాం. పోయిన ఏడాది ఒకబ్బాయి ఒక ఆఫర్ లెటర్ ఫోటో పెట్టి "అన్నా, ఇది నిజమేనా?" అని అడిగాడు. బ్యాక్‌డోర్ ఉద్యోగమట. లక్షన్నర కడితే నేరుగా జాయినింగ్. వాళ్ళమ్మ గొలుసు తాకట్టు పెట్టడానికి సోమవారం బ్యాంకుకి వెళ్దామనుకుంటున్నారు. మాలో ఒకడు చూసింది రెండే రెండు విషయాలు. లెటరొచ్చిన మెయిల్ ఐడీ మామూలు జీమెయిల్. ఎంసీఏ సైట్లో వెతికితే ఆ పేరుతో కంపెనీయే లేదు. పది నిమిషాల పని. గొలుసు మెళ్ళోనే ఉంది. ఆ పది నిమిషాలకి కోట్లు అక్కర్లేదు, సిల్వర్ జూబిలీ అక్కర్లేదు. అడగడానికి మొహమాటం లేని ఒక అన్న ఉంటే చాలు.

అన్నలే కాదు, అక్కలు కూడా కావాలి. హైదరాబాదులో ఏ హాస్టలు సురక్షితం, నైట్ షిఫ్టు అంటే క్యాబ్ ఇంటిదాకా వస్తుందా, ఇంట్లో పెళ్ళి సంబంధం తెస్తున్నారు ఉద్యోగం వచ్చేదాకా ఎలా ఆపాలి - ఇవి ఏ అమ్మాయీ మాలాంటి మగపిల్లలున్న కాల్‌లో అడగదు. మా కాల్స్‌లో అమ్మాయిలు నోరు విప్పింది ఒక అక్క చేరాకే. ఆవిడ పెళ్ళయి, పాప పుట్టి, మూడేళ్ళ విరామం తరవాత మళ్ళీ ఉద్యోగంలో చేరినావిడ. ఆవిడ చెప్పింది మేం నలుగురం పదేళ్ళు చెప్పినా చెప్పలేం.

ఇంకో మాట. మన కలయికల్లో స్టేజి ఎక్కించేది ఎవరిని? ప్యాకేజీ ఎక్కువున్నవాళ్ళని. దాంతో ఉద్యోగం రానివాళ్ళు, పోయినవాళ్ళు, ఇంజనీరింగ్ వదిలేసి వేరే పనిలో పడ్డవాళ్ళు నెమ్మదిగా గ్రూపులోంచి జారుకుంటారు. నిజానికి పిల్లలకి వాళ్ళు కూడా కావాలి. మూడుసార్లు రాసి నాలుగోసారి బ్యాంకు ఉద్యోగం కొట్టిన మెకానికల్ వాడు, గ్రూప్స్‌కి నాలుగేళ్ళు చదివి ఇక చాలని ఆపేసినవాడు, ఊళ్ళో డ్రిప్పు పరికరాల షాపు పెట్టుకున్నవాడు. క్లాసులో అందరూ సాఫ్ట్‌వేర్‌లోకి వెళ్ళరు కదా. వెళ్ళనివాళ్ళకి దారి చూపించేది ఎవరు మరి?

"అంతా బానే ఉంది గానీ, టైమెక్కడిది బాబూ?" అంటారు. ఒక చిన్న లెక్క చెబుతా. 1969 నుంచి ఉన్న ఎన్‌ఎస్‌ఎస్‌లో చేరిన విద్యార్థి రెండేళ్ళలో 240 గంటలు సేవ చెయ్యాలి, అంటే ఏడాదికి 120. పరీక్షలు రాసుకునే పిల్లల్ని మనం అడుగుతున్నది అంత. నెలకి రెండు గంటలైతే మనకి ఏడాదికి 24. ఐదోవంతు. వెబ్ సిరీస్ ఒకటి చూడ్డం మానేస్తే సరిపోతుంది :)

పైగా, ఎప్పుడూ సీనియర్ చెప్పడం, జూనియర్ వినడం అయితే అది బంధం కాదు, ఇంకో క్లాసు. కలిసి ఒక పని చేస్తేనే మనుషులు దగ్గరవుతారు. నాకు బాగా నచ్చిన పని ఒకటుంది. ఏటా ఎంసెట్, అదే ఇప్పటి ఈఏపీసెట్, ఫలితాలొచ్చాక వెబ్ ఆప్షన్ల టైములో పల్లెటూరి పిల్లలు నెట్ సెంటర్ వాడి చేతిలో పడతారు. వాడు తోచిన వరసలో కాలేజీ కోడ్లు కొట్టేస్తాడు. ఆ వరస మీదే నాలుగేళ్ళ చదువు, ఆ తరవాత ఉద్యోగం ఆధారపడతాయి. పాలిసెట్‌కీ ఇదే కథ. ఆ నాలుగైదు రోజులు మండలంలో ఏదైనా బడిలో రెండు ల్యాప్‌టాప్‌లు పెట్టుకుని, కాలేజీ పిల్లలూ పాతవాళ్ళూ కలిసి కూర్చోవచ్చు. ఏ కాలేజీలో ల్యాబులకి తాళాలుంటాయో చదువుతున్న పిల్లలకి తెలుసు. ఏ బ్రాంచికి బయట ఏం విలువుందో ఉద్యోగం చేస్తున్నవాళ్ళకి తెలుసు. ఇద్దరి దగ్గరా ఉన్నది సగం సగమే. కలిస్తేనే పిల్లాడికి పూర్తి సలహా. పని ఎన్‌ఎస్‌ఎస్ యూనిట్ ద్వారా చేస్తే విద్యార్థులకి గంటలు కూడా లెక్కకొస్తాయి. ఊరికి మేలు, ఆ మూడు రోజులు ఒకే క్యారేజీలో తిన్నవాళ్ళు ఒకళ్ళ ఫోన్ ఒకళ్ళు ఎత్తకుండా ఉండలేరు.

డబ్బు సంగతి కూడా మాట్లాడుకుందాం. డబ్బు వద్దని కాదు, చిన్న డబ్బు చాలని. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిలు రెండు రాష్ట్రాల్లోనూ ఏళ్ళ తరబడి నడుస్తున్న కథే. 2025 నవంబరులో తెలంగాణలో ప్రైవేటు కాలేజీలు బకాయిల కోసం బంద్ కూడా చేశాయి. పైన ఎవరి గొడవ ఎలా ఉన్నా, కింద హాల్‌టికెట్ ఆగేది, సర్టిఫికెట్లు ఇరుక్కునేది పిల్లలవే. ఒక బ్యాచులో 60 మంది నెలకి 200 చొప్పున వేసుకుంటే నెలకి 12 వేలు, ఏడాదికి 1,44,000. దీంతో బ్లాకు కట్టలేం. కానీ పరీక్ష ఫీజు కట్టలేక ఏడాది పోగొట్టుకునే వాళ్ళని ఆపగలం.

దీనికి కొన్ని కట్టుబాట్లు అవసరం. ఎవరో ఒకరి ఫోన్‌పేకి పంపితే రెండో ఏడాదికల్లా తగువే. ఏడుగురుంటే 2001 నాటి సొసైటీల చట్టం కింద సంఘం రిజిస్టరు చేసుకోవచ్చు, అప్పుడు సంఘం పేరు మీదే బ్యాంకు ఖాతా ఉంటుంది. లెక్కలు ప్రతి నెలా అందరికీ చూపించాలి. భారత పాస్‌పోర్టు ఉన్న ఎన్నారై తన సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కింద రాదు. కానీ పౌరసత్వం మారినవాళ్ళు పంపితే, ఓసీఐ కార్డున్నా సరే, ఎఫ్‌సీఆర్ఏ అనుమతి ఉండాల్సిందే. ఇది తెలియక ఇబ్బందుల్లో పడొద్దు. విరాళాల మీద పన్ను మినహాయింపు పాత పన్ను పద్ధతిలో ఉన్నవాళ్ళకే, కాబట్టి దాన్ని చూపించి చందాలు అడక్కండి. అన్నిటికన్నా ముఖ్యం, సాయం తీసుకున్న పిల్లల పేర్లు బయటికి రాకూడదు. పెద్ద అట్టముక్క చెక్కు పట్టుకుని ఫోటో అసలొద్దు. ఇరవై ఏళ్ళ పిల్లాడికి అది సాయం కాదు, శిక్ష.

"మేనేజ్‌మెంట్ వాళ్ళు మనల్ని నాక్ ఫోటోలకి వాడుకుంటారు" అనే వాదన కూడా విన్నా. వాడుకుంటారు, నిజమే. 2017లో మార్చిన నాక్ పద్ధతిలో పూర్వవిద్యార్థుల తోడ్పాటు అని విడిగా ఒక అంశమే ఉంది. దాన్ని మనమే ఎందుకు వాడుకోకూడదు? ఫోటో దిగుతాం, బదులుగా నెలకో సాయంత్రం సెమినార్ హాలివ్వండి, ఆ రోజు బస్సు గంటన్నర ఆలస్యంగా తియ్యండి అని అడగొచ్చు. మా కాలేజీలో చివరి కోరికకి ఒప్పించడానికి ఆరు నెలలు పట్టింది. మిగతా అన్నిటికన్నా పనికొచ్చింది కూడా అదే.

"పిల్లలు రిఫరల్ కోసమే పలకరిస్తారు" అన్నది చివరి ఫిర్యాదు. పలకరించనివ్వండి, తప్పేముంది? ఉద్యోగం లేనివాడు ఉద్యోగం గురించి అడక్క ఇంకేం అడుగుతాడు? కాకపోతే మొదటే చెప్పెయ్యాలి. రిఫరల్ అంటే రెజ్యూమె ఒకరి కళ్ళముందుకి చేరడం మాత్రమే, ఉద్యోగం కాదు అని. అలా చెప్పాక కూడా రెండోసారి కాల్‌కి వచ్చేవాళ్ళు చాలామందే ఉంటారు. వాళ్ళే రేపు డిగ్రీ పట్టుకుని వెళ్ళాక ఇటుపక్క కూర్చునేది. మా నలుగురిలో ఒకడు అలా వచ్చినవాడే.

కాబట్టి, మీ బ్యాచ్ బయటికొచ్చి ఐదేళ్ళ లోపైతే, పాతికేళ్ళ పండగ కోసం ఎదురుచూడకండి. అప్పటికి మనం చెప్పే కబుర్లు వినడానికి బావుంటాయి గానీ వాడుకోవడానికి ఉండవు. ఇవాళ మీ డిపార్ట్‌మెంట్‌లో ఒక లెక్చరర్‌కి ఫోన్ చేసి, థర్డియర్ క్లాస్ రిప్రజెంటేటివ్ నంబరు అడగండి. ఇద్దరి నంబర్లు అడగండి, ఒకబ్బాయి, ఒకమ్మాయి. వచ్చే శనివారం ఒక గంట. ఉపన్యాసం వద్దు, "ఏం భయపడుతున్నారు?" అని అడిగి ఊరుకోండి. మిగతాది వాళ్ళే చెబుతారు.

మీ కాలేజీల్లో ఇంతకన్నా మంచి పద్ధతి ఏదైనా నడుస్తుంటే చెప్పండి, మేమూ మొదలుపెడతాం.